రేవులో మునిగిన ఓడలు

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగం: 1 తిమోతి 1:18-20, 6:6-12



ఓడ ఎక్కడ మునుగుతుంది అని ఎవరినైనా అడిగి చూడండి. నడిసముద్రంలో మునుగుతుంది అంటారు. తుఫానులో మునుగుతుంది, బండకు కొట్టుకొని మునుగుతుంది అంటారు. నిజమే. అయితే ఈ రోజు వేరొక రకమైన ఓడల సంగతి మీకు చెప్పాలని ప్రభువు నన్ను ప్రేరేపించాడు. ఈ ఓడలను ఏ తుఫానూ ముంచలేదు. ఇవి వేల మైళ్ళ ప్రయాణం ముగించుకొని, క్షేమంగా రేవుకు చేరి, లంగరు వేసి, ఆ తరువాత మునిగిపోయాయి. ఈనాడు అవి ఒక మహానగరపు వీధుల కింద, ఆకాశాన్ని అంటే భవనాల కింద, మట్టిలో పడి ఉన్నాయి.

ఆ నగరం అమెరికా దేశంలోని శాన్ ఫ్రాన్సిస్కో. మీలో చాలామందికి ఈ పేరు కొత్త కాదు. మన తెలుగు బిడ్డలు ఎందరో ఆ నగరంలోను, దాని చుట్టుపక్కల ఊళ్ళలోను కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరి కుమారుడో, ఎవరి అల్లుడో, ఎవరి మనవరాలో ఆ ఊరిలోనే ఉండవచ్చు. వారు రోజూ నడిచే దారి కింద ఏమున్నదో, అది వారితోను మనతోను ఏమి మాట్లాడుతున్నదో కాసేపు ఆలోచిద్దాం.

అపొస్తలుడైన పౌలు తన కుమారుని వంటి తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక చూడండి. మొదటి అధ్యాయం చివర ఆయన ఒక సంగతి చెబుతున్నాడు. కొందరు తమ మంచి మనస్సాక్షిని అవతలకు నెట్టేశారు. అందుచేత వారి విశ్వాసం ఓడ పగిలినట్టు పగిలిపోయింది. అదే పత్రిక ఆరవ అధ్యాయానికి వచ్చేసరికి ఇంకొక హెచ్చరిక కనబడుతుంది. ఎలాగైనా ధనవంతులం కావాలనే ఆశ మనిషిని నీళ్ళలో ముంచినట్టు నాశనంలో ముంచుతుందట. ఒకే పత్రికలో రెండుసార్లు, మొదట ఓడ పగలడం, తరువాత మనిషి మునగడం! మీ బైబిలు దగ్గరుంటే ఈ రెండు భాగాలూ తెరచి పెట్టుకొనండి.

పౌలు ఈ మాటను ఊహించి వ్రాయలేదు. తాను మూడుసార్లు ఓడ పగిలిన శ్రమ అనుభవించానని ఆయన కొరింథీయులకు వ్రాశాడు. ఆ తరువాత రోమాకు వెళ్ళే దారిలో మెలితే ద్వీపం దగ్గర మరోసారి ఆయన ఎక్కిన ఓడ బద్దలైంది. నీళ్ళ భయం, చలి, రాత్రి ఆయనకు తెలుసు. అటువంటి మనిషి ఓడ పగలడాన్ని పోలికగా ఎంచుకున్నాడంటే మనం జాగ్రత్తగా వినాలి.

1. తుఫానులో గెలిచిన ఓడ రేవులో ఓడిపోయింది

1848 జనవరి 24వ తేదీన కాలిఫోర్నియాలోని కొలోమా అనే చోట జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి జాన్ సట్టర్ అనే భూస్వామి కోసం కోత మిల్లు కడుతున్నాడు. నీటి కాలువలో అతనికి మెరిసే రేణువులు కనిపించాయి. అది బంగారం! కబురు ఊరు దాటింది, దేశం దాటింది, సముద్రాలు దాటింది. అప్పటికి శాన్ ఫ్రాన్సిస్కో వెయ్యి మంది కూడా సరిగా లేని చిన్న ఊరు. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడ పాతికవేల మంది చేరారు.

వారు ఎలా వచ్చారు? అప్పటికి పనామా కాలువ లేదు. అది 1914లో గాని తెరవబడలేదు. న్యూయార్కు వంటి తూర్పు తీరపు రేవుల నుండి బయలుదేరిన ఓడ దక్షిణ అమెరికా ఖండపు కొనను, అంటే కేప్ హార్న్‌ను చుట్టి రావాలి. అయిదు నుండి ఎనిమిది నెలల ప్రయాణం. ప్రపంచంలోని నావికులందరూ భయపడే చోటు ఆ కేప్ హార్న్. అక్కడి గాలులు, అలలు, మంచు గడ్డలు ఎన్నో ఓడలను మింగాయి. వాటన్నిటినీ దాటి వందలకొద్దీ ఓడలు క్షేమంగా శాన్ ఫ్రాన్సిస్కో రేవుకు చేరాయి.

చేరిన తరువాత ఏమి జరిగింది? లంగరు వేయగానే నావికులు ఓడ దిగి బంగారు గనుల వైపు పరుగెత్తారు. కొన్ని ఓడలలో నాయకుడు కూడా వెళ్ళిపోయాడు. తిరిగి నడపడానికి మనుషులు లేరు. ఆ ఊరిలో తిరుగు ప్రయాణానికి ఎగుమతి చేసే సరుకూ లేదు. అందుచేత వందలకొద్దీ ఓడలు రేవులో అలాగే నిలిచిపోయాయి. ఆనాటి ఛాయాచిత్రాలు నేటికీ ఉన్నాయి. నీళ్ళ మీద ఎండిన అడవి మొలిచినట్టు తెరచాపలు లేని కొయ్యలు మాత్రమే వాటిలో కనిపిస్తాయి.

ప్రియులారా, మెలితే ద్వీపం దగ్గర జరిగినదానిని దీని పక్కన పెట్టి చూడండి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఓడ ముక్కలైంది గాని అందులోని 276 మందీ ఒడ్డుకు చేరారు. ఓడ పోయింది, మనుషులు దక్కారు, పౌలు విశ్వాసం చెక్కుచెదరలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడ పగలలేదు, సరుకు చెడలేదు, అయినా ప్రయాణం పోయింది. ఈ రెండింటిలో ఏది పెద్ద నష్టం?

మనం కష్టం వచ్చినప్పుడు విశ్వాసం పడిపోతుందేమోనని భయపడతాం. సంఘ కాపరిగా నేను గమనించిన సంగతి వేరు. ఆసుపత్రి వరండాలో, ఉద్యోగం లేని రోజులలో, అప్పులవాడు గుమ్మంలో నిలబడిన వేళ, మన విశ్వాసులు మోకాళ్ళ మీద ఉంటారు. ఒడ్డు చేరాకనే మోకాళ్ళు లేస్తాయి. వీసా రావాలని సంఘమంతటి చేత ఉపవాస ప్రార్థన చేయించుకున్న యౌవనస్థుడు, వీసా వచ్చి విమానం ఎక్కి, మంచి జీతంలో కుదురుకున్న తరువాత, ఆదివారం ఎక్కడ ఉంటున్నాడు? ఇల్లు కట్టుకోవడానికి దేవునికి మొక్కుకున్న కుటుంబం, గృహప్రవేశం రోజున స్తుతి కూడిక పెట్టి, ఆ తరువాత ఆ ఇంట్లో ఎన్నిసార్లు కుటుంబ ప్రార్థన చేసింది? చిట్టీ ఎత్తుకొని కొట్టు పెట్టిన సహోదరుడు, కొట్టు నడుస్తున్నది గనుక ఆదివారం కూడా తీయాలంటున్నాడు.

ఇది కొత్త రోగం కాదు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులను అరణ్యం గురించి కంటె అరణ్యం దాటిన తరువాత వచ్చే దినాల గురించి ఎక్కువగా హెచ్చరిస్తున్నాడు. కడుపు నిండిన తరువాత, మంచి ఇళ్ళు కట్టుకున్న తరువాత, వెండి బంగారాలు పెరిగిన తరువాత దేవుని మరచిపోయే ప్రమాదం ఉన్నదని ఆయన చెబుతున్నాడు. ఎడారి వారిని చంపలేదు. పచ్చని దేశమే వారిని పరీక్షించింది.

ఇంతకీ ఆ బంగారం ఎవరికి దక్కింది? కొందరు ధనవంతులయ్యారు. చాలామంది ఆశపడినంత చూడలేదు. మొదట బంగారం కనుగొన్న మార్షల్ 1885లో దాదాపు చేతిలో ఏమీ లేకుండా చనిపోయాడు. ఎవరి స్థలంలో బంగారం దొరికిందో ఆ సట్టర్, వచ్చిపడిన జనం తన భూములను ఆక్రమించగా, నష్టపరిహారం కోసం ప్రభుత్వం చుట్టూ తిరుగుతూనే 1880లో వాషింగ్టన్ నగరంలో కన్ను మూశాడు. అంతకంటె ఘోరం ఇంకొకటి ఉంది. తరతరాలుగా అక్కడ బ్రతికిన ఆదివాసులు 1848లో లక్షా యాభై వేల మంది ఉండేవారని, 1870 నాటికి ముప్పై వేల మందే మిగిలారని చరిత్రకారుల అంచనా. రోగాలు, ఆకలి, తుపాకులు వారిని తుడిచిపెట్టాయి. ధనాపేక్షలో మనిషి ఒక్కడే మునగడు. పక్కవాడిని కూడా ముంచుతాడు. పౌలు దానిని సకల కీడులకు వేరుగా ఎందుకు ఎంచాడో ఇక్కడ కనబడుతున్నది.

2. ఓడ అలాగే ఉంది, ప్రయాణం ఆగిపోయింది

వదిలేసిన ఆ ఓడలను ఏమి చేశారు? వినండి. నయాంటిక్ అనే ఓడ ఒకటి ఉండేది. అంతకుముందు తిమింగలాల వేటకు తిరిగిన గట్టి ఓడ అది. 1849 జూలైలో పనామా నుండి దాదాపు 250 మంది ప్రయాణికులతో వచ్చింది. నావికులు దిగిపోయారు. దానిని ఒడ్డుకు లాగి, కొయ్యలు తీసేసి, పైన కప్పు వేసి, పక్కలకు తలుపులు కోసి, సరుకులు దాచే గిడ్డంగిగా మార్చారు. యుఫేమియా అనే మరొక ఓడను ఊరి పాలకులు కొని జైలుగా వాడారు. ఆర్కాన్సాస్ అనే ఓడ సారాయి అంగడి అయ్యింది.

ఇది అర్థం చేసుకొనండి. అదే ఓడ, అదే బల్లలు, అదే పేరు. చూసేవారు దానిని ఇంకా ఓడ అనే పిలిచేవారు. అది మాత్రం ప్రయాణం చేయడం లేదు. ఓడను కట్టించినవాడు దానిని గిడ్డంగి కోసం కట్టించలేదు. తలుపు కోసిన ఓడ మళ్ళీ సముద్రంలోకి వెళ్ళలేదు.

మీ పేరు సంఘపు పుస్తకంలో ఉంది. బాప్తిస్మపు తేదీ మీకు గుర్తుంది. ఇంటి గుమ్మం మీద వాక్యం వ్రాసిన క్యాలెండరు ఉంది. ఇవన్నీ మంచివే. అయితే మీరు ప్రయాణం చేస్తున్నారా? నిరుటి కంటె ఈ ఏడాది ప్రభువుకు దగ్గరగా వచ్చారా? క్షమించలేని మనిషిని క్షమించడం నేర్చుకున్నారా? లేక మీ జీవితం సామానులు దాచుకునే గిడ్డంగి అయ్యిందా? కొందరి హృదయం పాత కక్షలను బంధించి ఉంచే జైలు అయ్యింది. యుఫేమియా వలె అది కూడా ఒకప్పుడు ప్రయాణం చేసిన ఓడే.

నయాంటిక్ గురించి మరొక సంగతి. గిడ్డంగిగా మారిన ఆ ఓడ మీద ఒక బోర్డు ఉండేదట. అలసినవారికి ఇక్కడ విశ్రాంతి దొరుకుతుందని, పెట్టెలు దాచుకోవడానికి చోటు ఉందని ఆ బోర్డు ప్రకటించింది. అలసినవారికి విశ్రాంతి! ఈ మాట మనం ఎవరి నోట విన్నాం? ప్రయాసపడి భారం మోస్తున్నవారిని తన దగ్గరకు పిలిచిన ప్రభువు నోట విన్నాం. బురదలో కూరుకుపోయిన ఓడ ఆ మాటను తన మీద వ్రాసుకున్నది. అది ఎంతకాలం నిలిచింది? 1849 డిసెంబరు నుండి 1851 జూన్ వరకు ఆ ఊరిని ఆరుసార్లు పెద్ద అగ్ని ప్రమాదాలు కాల్చాయి. 1851 మే 3, 4 తేదీలలో వచ్చిన అయిదవదానిలో నయాంటిక్ నీటి మట్టం వరకు కాలిపోయింది. దాచుకున్న పెట్టెలు కాలిపోయాయి. విశ్రాంతి బోర్డూ పోయింది. బ్యాంకు పుస్తకం, ఫ్లాటు, విదేశీ ఉద్యోగం, ఇవి మనకు అక్కరలే తీర్చగలవు. వాటి మీద విశ్రాంతి అనే బోర్డు మాత్రం పెట్టకండి.

ఆ ఓడలు భూమిలోకి ఎలా వెళ్ళాయో కూడా చెబుతాను. ఊరు పెరుగుతున్నది, చోటు చాలడం లేదు. అందుచేత నీళ్ళ కింద ఉన్న నేలను కూడా స్థలాలుగా కొలిచి అమ్మారు. కొన్నవారు ఆ స్థలం తమదని చూపించడానికి కొన్నిసార్లు ఒక ఓడను తెచ్చి కావాలనే అక్కడ ముంచేవారు. తరువాత చుట్టుపక్కల ఇసుక దిబ్బలు తవ్వి, చెత్తా చెదారం కలిపి, రేవును పూడ్చుకుంటూ వెళ్ళారు. నీళ్ళు ఉన్నచోట వీధి వచ్చింది. వీధి మీద భవనాలు లేచాయి. మొదట లంగరు వేశారు, తరువాత కొయ్య తీశారు, తరువాత తలుపు కోశారు, తరువాత ఇసుక పోశారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కారణం ఉంది. ఏ ఒక్క రోజునా ఎవరూ కూర్చొని, రేవునిండా ఉన్న ఓడలను పాతిపెడదాం అని తీర్మానం చేయలేదు. ఎవరూ ఒక్కరోజులో దేవుని విడిచిపెట్టరు. ఈ ఆదివారం ఒక బుట్టెడు ఇసుక, వచ్చే ఆదివారం ఒక బుట్టెడు ఇసుక.

3. పూడ్చిపెట్టినది పూడ్చినట్టే ఉండదు

ఆ ఓడలు అంతటితో మరుగైపోయాయా? లేదు. కాలిపోయిన నయాంటిక్ మీద హోటలు కట్టారు. 1872లో ఆ హోటలు పడగొట్టి తవ్వితే ఓడ బయటపడింది. మళ్ళీ కప్పారు. 1907లో మరోసారి బయటపడింది. మళ్ళీ కప్పారు. 1978లో కొత్త భవనానికి పునాదులు తీస్తుంటే మూడోసారి కనిపించింది. 2001లో జనరల్ హారిసన్ అనే ఓడ ఇలాగే ఒక నిర్మాణ స్థలంలో బయటపడింది. 1994లో పట్టణ రైలు కోసం సొరంగం తవ్వుతున్నవారికి రోమ్ అనే ఓడ అడ్డుగా దొరికింది. ఆ సొరంగం దాని గుండానే వెళ్ళింది. ఈనాడు రైలులో వెళ్ళే ప్రయాణికులు ఫోనులు చూసుకుంటూ ఆ ఓడ ఉన్నచోటు గుండా వెళ్తున్నారు. చాలామందికి ఆ సంగతి తెలియదు.

కప్పబడినది ఏదీ బయటపడక మానదని ప్రభువు లూకా సువార్త 12వ అధ్యాయంలో చెప్పాడు. మన కుటుంబాలలో కూడా పైన వీధి, కింద ఓడ ఉన్న ఇళ్ళు ఉన్నాయి. పైన నవ్వు, కింద ఎవరితోనూ చెప్పని అప్పు. పైన సంఘపు పెద్దరికం, కింద అన్నదమ్ములతో ఆస్తి తగవు. పైన పాటల బృందంలో చోటు, కింద ఎవరికీ చూపించలేని ఫోను. ఎన్నిసార్లు కప్పినా ఎప్పుడో ఒక పునాది తీసే రోజు వస్తుంది.

ఇంకొక ప్రమాదం ఉంది. ఇసుక పోసి చేసిన నేల గట్టి నేల కాదు. 1906 ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున శాన్ ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చింది. దాని వలన, వెంట వచ్చిన అగ్ని వలన దాదాపు 3,000 మంది చనిపోయారు. కొండరాతి మీద ఉన్న ఇళ్ళ కంటె పూడ్చిన నేల మీద ఉన్న ఇళ్ళు ఎక్కువగా కదిలిపోయాయి. 1989 అక్టోబరు 17న వచ్చిన భూకంపంలో మెరీనా అనే పేటలో పూడ్చిన తడి ఇసుక నీళ్ళలా మారి ఇళ్ళు కూలాయి. 2009లో ప్రారంభమైన 58 అంతస్తుల మిలీనియం టవర్ కూడా ఒకప్పుడు రేవుగా ఉన్న భాగంలోనే లేచింది. దాని పునాది స్తంభాలు రాతి పొర వరకు వెళ్ళలేదు. 2016 నాటికి అది దాదాపు పదహారు అంగుళాలు కుంగి ఒక పక్కకు ఒరిగిందన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. చివరకు అంచుల వెంట కొత్త స్తంభాలను రాతి వరకు దించి 2023లో బాగుచేత పని ముగించారు.

మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన రెండు ఇళ్ళు మీకు గుర్తు వచ్చి ఉంటాయి. ప్రభువు మాట విని దాని చొప్పున చేసేవాడు రాతి మీద కట్టాడు. విని ఊరుకున్నవాడు ఇసుక మీద కట్టాడు. ఇద్దరూ విన్నవారే. ఇద్దరి ఇళ్ళూ నిలబడే ఉన్నాయి, వాన వచ్చే వరకు. కట్టిన తరువాత రాతి వరకు స్తంభాలు దించడం కష్టమే, ఖర్చే. అయినా ఆ భవనానికి చేశారు. మీ జీవితానికి ఎందుకు చేయకూడదు?

4. అదే రేవులో నిలబడిన మనిషి

అందరూ గనులకు పరుగెత్తిన ఆ రేవులో ఒక మనిషి నిలబడ్డాడు. ఆయన పేరు విలియం టేలర్, మెథడిస్టు బోధకుడు. ఆయన కూడా భార్యతో కేప్ హార్న్ చుట్టి ఓడలోనే వచ్చాడు. 1849 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాడు. ఊరి నడిబొడ్డున ఉన్న చౌకు చుట్టూ జూదగృహాలు. ఆయన ఆ చౌకులోనే వీధిలో నిలబడి సువార్త ప్రకటించాడు. ఓడల నావికులకు ప్రకటించాడు. బంగారం కోసం వచ్చి జబ్బుపడి ఆసుపత్రిలో దిక్కులేకుండా ఉన్నవారి పక్కన కూర్చున్నాడు. అలా ఏడేళ్ళు.

ఆ మనిషి తరువాత మన దేశానికి వచ్చాడు. 1870లో భారతదేశం చేరి, బొంబాయి, కలకత్తా, మద్రాసు, బెంగుళూరు పట్టణాలలో సువార్త చెప్పాడు. దక్షిణ భారతదేశంలో మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం వేరూనడానికి ఆ సేవ కారణమైంది. నేడు తెలంగాణలో ఉన్న మెథడిస్టు సంఘాల చరిత్రను వెనక్కి వెతుక్కుంటూ పోతే ఆ పని దగ్గరకే చేరుతుంది. ఆలోచించండి. అదే రేవుకు చేరిన వందల ఓడలు అక్కడే మట్టిలో కలిశాయి. అదే రేవులో దిగిన ఒక మనిషి ప్రయాణం మాత్రం మన తలుపు వరకు వచ్చింది. ఆయన చుట్టూ కూడా బంగారం ఉంది. తాను ఎందుకు వచ్చాడో మాత్రం ఆయన మరచిపోలేదు.

ఉద్యోగం తప్పు కాదు. విదేశం తప్పు కాదు. కష్టపడి సంపాదించిన జీతం దేవుని దీవెనే. కువైటులో ఇంటిపని చేసి తమ్ముళ్ళను చదివించిన అక్క, అమెరికాలో ఉండి తల్లిదండ్రుల మందుల ఖర్చు చూసుకుంటున్న కొడుకు, వీరు ఘనులు. ధనం చేతిలో ఉండడం వేరు, ధనం మీద ఆశ గుండెలో ఉండడం వేరు. సరుకు ఓడలో ఉండాలి. సరుకు కోసం ఓడను వదలకూడదు.

తల్లిదండ్రులారా, ఒక మాట మీతో. మీ బిడ్డ ఆ దూరదేశం నుండి ఫోను చేసినప్పుడు మీరు మొదట ఏమి అడుగుతున్నారు? జీతం పెరిగిందా, గ్రీన్ కార్డు వచ్చిందా, ఇల్లు కొన్నారా అనా? అడగండి, తప్పు లేదు. ఆ తరువాతైనా, నాన్నా, ప్రార్థన చేసుకుంటున్నావా, అక్కడ సంఘానికి వెళ్తున్నావా, నీ మనసు నెమ్మదిగా ఉందా అని అడుగుతున్నారా? ఆ ఒక్క ప్రశ్న అడిగేవారు లేక ఎందరో బిడ్డలు మంచి రేవులలో మునిగిపోతున్నారు. ఒంటరిగా మునిగిపోతున్నారు. ఈ వారం అడగండి. అడిగి, ఫోనులోనే వారితో కలిసి ప్రార్థించండి.

దూరదేశంలో ఉండి ఈ పత్రిక చదువుతున్న బిడ్డా, నీతో కూడా ఒక మాట. నేను దిగిపోయి చాలా ఏళ్ళయింది, నా మీద వీధులు కూడా వేశారు, ఇంకేమి లాభం అని నీవు అనుకోవచ్చు. ఆ బల్లలు అన్నేళ్ళు ఎందుకు పాడైపోలేదో తెలుసా? తడి బురద లోపలికి గాలి చొరదు గనుక చెక్క త్వరగా కుళ్ళలేదు. అయినా ఆ ఓడలను ఎవరూ మళ్ళీ సముద్రంలో నడపలేరు. మ్యూజియంలో ఒక ముక్క పెట్టగలరు, అంతే. మన దేవుడు మనలను మ్యూజియం ముక్కలుగా చేసేవాడు కాడు. ఆయన మృతులను లేపే దేవుడు.

తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయం 10, 11 వచనాలు చదవండి. పదవ వచనంలో దేమా ఉన్నాడు. ఈ లోకాన్ని ప్రేమించి పౌలును విడిచి వెళ్ళిపోయాడు. పదకొండవ వచనంలో మార్కు ఉన్నాడు. ఈ మార్కు కూడా ఒకప్పుడు ఓడ దిగగానే వెళ్ళిపోయినవాడే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో పెర్గే రేవుకు చేరగానే పౌలును విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్ళాడు. దాని గురించి పౌలు బర్నబాతో గట్టిగా వాదించాడు కూడా. ఇప్పుడు చెరసాలలో ఉన్న ముసలి పౌలు, మార్కును వెంటబెట్టుకొని రా, అతడు నాకు కావాలి అని అడుగుతున్నాడు. వెళ్ళిపోయినవాడు తిరిగి వచ్చాడు. తిరిగి వచ్చినవాడికి పని దొరికింది. ఈ రెండు వచనాల మధ్య చోటు ఎంత? ఒక్క గీత. నీవు ఆ గీతకు ఏ పక్కన ఉండాలో నీవే తేల్చుకోవాలి.

ఈ రాత్రి పడుకునే ముందు మూడు పనులు చేయండి. మొదటిది, మీరు ఎక్కడ లంగరు వేసి ఆగిపోయారో, ఆ సంవత్సరం, ఆ సందర్భం ప్రభువు ఎదుట పేరు పెట్టి చెప్పండి. రెండవది, మీ మనస్సాక్షి ఏ విషయంలో మిమ్మును గద్దిస్తున్నదో దానిని ఇక తోసివేయకండి. నమ్మదగిన ఒక విశ్వాసితోనో, మీ కాపరితోనో మాట్లాడండి. మూడవది, మానేసిన ఒక్క పనిని తిరిగి మొదలుపెట్టండి. ఉదయపు వాక్యపఠనమో, ఇంటిల్లిపాది ప్రార్థనో, ఆగిపోయిన కానుకో, మాటలు లేని అన్నకు ఒక ఫోనో. ఒక్కటి చాలు. బుట్టెడు బుట్టెడుగా పోసిన ఇసుకను బుట్టెడు బుట్టెడుగానే తీయవచ్చు. తీసేవాడు మీతో ఉన్నాడు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, తుఫానులలో మమ్మును కాపాడి రేవుకు చేర్చినందుకు నీకు స్తోత్రములు. రేవుకు చేరిన తరువాత నిన్ను మరచిన మమ్మును క్షమించుము. మా మనస్సాక్షిని తిరిగి మేలుకొలుపుము. దూరదేశములలో ఉన్న మా కుమారులను, కుమార్తెలను జ్ఞాపకము చేసికొనుము. వారు ఒంటరిగా ఉన్నచోట నీవు తోడై యుండుము. మా కష్టార్జితమును దీవించుము గాని అది మమ్మును ముంచకుండ కాపాడుము. దిగిపోయిన మార్కును తిరిగి పిలిచిన దేవా, ఈ మాటలు చదువుచున్న ఈ సహోదరుని, ఈ సహోదరిని కూడ పేరు పెట్టి పిలువుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.